ముందు ఏ గోడ కూలుతుంది? అణు ప్రక్షాళన ఖర్చుపై పాఠకుల ప్రశ్నలు

పాత అణు కేంద్రాలను శుభ్రం చేయడానికి ప్రజల డబ్బును ఏ వరసలో ఖర్చు పెట్టాలన్న అంశంపై జంటనగరాల పాఠకులు పంపిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఒకే సందేహాన్ని నలుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ కేంద్రాన్ని శుభ్రం చేయడానికి 13,600 కోట్ల పౌండ్లు అవుతుందని, 2125 దాకా పని సాగుతుందని చదివాను. రేడియోధార్మికత ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ముందు మొదలుపెడితే సరిపోదా? ఇందులో లెక్కలు కట్టడానికి ఏముంది?
— ఒక పాఠకుడు, కాప్రా

జవాబు: సరిపోదు. సెల్లాఫీల్డ్‌లో అత్యంత తీవ్రమైన వ్యర్థాన్ని గాజుతో కలిపి కరిగించి, స్టీలు డబ్బాల్లో పోసి ఉంచారు. ఆ డబ్బా పక్కన అడ్డు లేకుండా నిలబడితే మనిషి బతకడు. అయినా అది పనుల జాబితాలో పైన లేదు. పైన ఉన్నవి 1940ల చివరి నుంచి 1960ల దాకా కట్టిన నాలుగు పాత కట్టడాలు: వాడిన ఇంధనం నిలవ చేసిన రెండు నీటి కొలనులు, ఇంధన కడ్డీల తొడుగులు ఒలిచి పడేసిన రెండు సైలోలు (కాంక్రీటు గాదెలు).

బెల్లం దిమ్మ కింద పడితే ఏరుకోవచ్చు. పానకం ఒలికితే నేల పీల్చేస్తుంది. పొడి అయితే గాలికి లేస్తుంది. కాబట్టి మొదట చూసేవి మూడు. ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది, కరెంటు పోయినా పంపు ఆగినా ఎన్ని గంటల్లో లేక ఎన్ని ఏళ్లలో అది బయటపడుతుంది. గాజు దిమ్మ మొదటిదాంట్లో ఎంత భయపెట్టినా, రెండో మూడో అంశాల్లో మార్కులు బాగా తగ్గిపోతాయి. కొలను అడుగున పేరుకున్న బురద సంగతి దీనికి తలకిందులు.

బ్రిటన్‌లో ప్రక్షాళన బాధ్యత చూసే ప్రభుత్వ సంస్థ ఈ మూడింటితో వచ్చిన అంకెకు రసాయన ప్రమాదాన్ని కూడుతుంది. తర్వాత ఇంకో రెండింటితో హెచ్చిస్తుంది: కట్టడం ఎంత పాడైంది, లోపల ఏముందో మనకు ఎంత తెలుసు. కిటుకు ఇక్కడే ఉంది. ఈ రెండు మార్కుల లబ్ధాన్ని నాలుగో ఘాతానికి పెంచుతారు. వ్యర్థం పరిమాణం రెట్టింపయితే స్కోరు రెట్టింపే అవుతుంది. గోడ పరిస్థితికిచ్చే మార్కు రెట్టింపయితే మాత్రం స్కోరు 16 రెట్లవుతుంది, రెండు మార్కులూ రెట్టింపయితే 256 రెట్లు. ఆ నాలుగో ఘాతం ప్రకృతి సూత్రమేమీ కాదు. పాత గోడలు జాబితాలో పైకి రావాలని కావాలని పెట్టిన మొగ్గు. మా మటుకు అది సరైన మొగ్గే. వ్యర్థం ఎక్కడికీ పారిపోదు, దాన్ని పట్టి ఉంచిన కాంక్రీటుకే వయసు మీద పడుతోంది.

ఉదాహరణకు మాగ్నాక్స్ తొడుగు ముక్కల సైలో. అందులో 22 అరలు. మెగ్నీషియం మిశ్రమంతో (దాని పేరే మాగ్నాక్స్) చేసిన తొడుగు ముక్కలను నీటిలో ముంచి ఉంచారు. మెగ్నీషియం నీటితో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది, ముక్కలు తుప్పు పట్టి బురదవుతాయి. ఆ కట్టడంలోని తొలి భాగం 1970ల్లో ఒకసారి కారింది, మళ్లీ 2018 నుంచి రోజుకు సుమారు 2,000 లీటర్లు భూమిలోకి ఇంకుతున్నాయి. పగులు భూమట్టానికి దిగువన ఉంది, లోపలికి మనిషి వెళ్లలేడు, కాబట్టి అతుకు వేసే దారి లేదు. లోపలిది తీసేయడమే మందు. తొలి ముక్కలు బయటికొచ్చింది 2022లో.

స్కోరు చూసి కళ్లు మూసుకుని పని మొదలుపెట్టరు కూడా. మూత తెరిచి కదిపితే కొంతకాలం ప్రమాదం పెరుగుతుంది: బురద లేస్తుంది, చిక్కుకున్న హైడ్రోజన్ ఒక్కసారిగా బయటపడొచ్చు. నీళ్లు లేని రెండో సైలోలో తొడుగులు పొడిగా ఉన్నాయి, గాలి తగిలితే అంటుకునే భయం, అందుకే లోపల ఆర్గాన్ వాయువు నింపి ఉంచారు. గోడకు ఆరు రంధ్రాలు కోసి, స్టీలు తలుపులు బిగించాకే తీత మొదలైంది. ఇప్పుడు పెరిగే ప్రమాదం, వదిలేస్తే ఏళ్ల తరబడి పెరిగే ప్రమాదం, రెంటినీ పక్కపక్కన పెట్టి నియంత్రణ సంస్థ అనుమతిస్తుంది.

ప్రశ్న: సివిల్స్‌కు చదువుతున్నాను. బడ్జెట్ ఏడాదికోసారి, పని యాభై వందేళ్లు. ఈ రెండూ ఎలా కుదురుతాయి? డబ్బు ఎక్కడ వృథా అవుతుంది?
— ఒక పాఠకురాలు, అశోక్‌నగర్

జవాబు: మొదటి వృథా కళ్లముందే ఉంటుంది గానీ ఆడిట్‌లో వృథాగా కనిపించదు. ఒక్క డ్రమ్ము కదలకపోయినా కాపలా, ఫిల్టర్లు, గాలి పంపులు, అగ్నిమాపక దళం, కొలతలు తీసే సిబ్బంది, ఇవన్నీ 365 రోజులూ నడవాల్సిందే. అద్దె ఇల్లు ఖాళీగా ఉన్నా మెయింటెనెన్స్ కట్టక తప్పనట్టు. ఒక ఏడాది బడ్జెట్‌లో పది శాతం కోత పడితే అది కాపలా మీద పడదు, ముందు అసలు పని మీదే పడుతుంది. పని వెనక్కి జరిగితే కాపలా ఖర్చు ఇంకో ఏడాది పెరుగుతుంది. అందుకే త్వరగా మూసేయగలిగిన చిన్న కట్టడాన్ని, ప్రమాదం తక్కువైనా సరే, కొన్నిసార్లు ముందుకు తెస్తారు. దాని నిర్వహణ ఖర్చు మిగిలితే పెద్ద పనికి మళ్లుతుంది. అయితే దీన్ని అతిగా వాడుకుని, తేలిక పనులన్నీ చేసి 'ఇన్ని భవనాలు పడగొట్టాం' అని నివేదికలో రాసుకునే రోగం కూడా ఉంది. పడగొట్టిన భవనాల సంఖ్యకు పక్కనే తగ్గిన ప్రమాదం ఎంతో రాయమని అడగాలి.

రెండో వృథా, బయటికి తీసినదాన్ని పెట్టడానికి చోటు లేకుండా తీత మొదలుపెట్టడం. వరస ఇలా ఉండాలి: లోపల ఏముందో నమూనా తీయడం, అది చివరికి ఏ గోదాముకు, ఏ పెట్టెలో పోతుందో తేల్చడం, ఆ పెట్టెకు అనుమతి, ఆ తర్వాత తీసే యంత్రం. యంత్రం ఫొటోలో బాగుంటుంది కాబట్టి తరచూ అదే ముందు కొంటారు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని రాకీ ఫ్లాట్స్ ప్లుటోనియం కర్మాగారం దీనికి మంచి పాఠం. 1990ల మధ్యలో 65 ఏళ్లకు పైగా, దాదాపు 3,700 కోట్ల డాలర్లు అన్నారు. 2005లో, 700 కోట్ల డాలర్ల చుట్టుపక్కల ఖర్చుతో ముగించారు. గుత్తేదారుకు గంటల లెక్కన కాక, ముగింపు తేదీకి ముడిపెట్టి చెల్లించారు. న్యూమెక్సికోలో ఉప్పు పొరల్లోని భూగర్భ గోదాము 1999లో తెరుచుకోవడంతో డ్రమ్ములకు దారి దొరికింది. అక్కడ ఇళ్లు కట్టరు, అది వన్యప్రాణుల ఆశ్రయంగా ఉంటుందని ముందే తేల్చుకున్నారు, కాబట్టి లోతు మట్టి అంతా తవ్వలేదు. చౌకగా అయిందని పొగిడేవాళ్లు ఈ చివరిమాట తరచూ మింగేస్తారు.

ఆ భూగర్భ గోదాములోనే 2014 ఫిబ్రవరిలో ఒక డ్రమ్ము లోపల వేడెక్కి పగిలింది. నైట్రేట్ లవణాలున్న వ్యర్థంలో తేమ పీల్చడానికి మట్టి రకం పొడి బదులు గోధుమతో తయారైన పొడి కలిపారు. నైట్రేటు, సేంద్రియ పదార్థం కలిస్తే ఏమవుతుందో బాణసంచా చేసేవాళ్లనడిగినా చెబుతారు. ఒక్క డ్రమ్ము, మూడేళ్ల మూత, దేశంలో ఆ తరహా వ్యర్థం ఉన్న కేంద్రాలన్నిటి లారీలూ ఆగిపోయాయి. ప్రాధాన్యాల జాబితా ఎంత గొప్పగా రాసుకున్నా, చివరి గోదాము ఒక్కటే అయితే అసలు ప్రాధాన్యం దానిదే.

తక్కువ డబ్బుతో ఎక్కువ ప్రమాదం తగ్గించే మధ్యంతర పనులు కూడా ఉంటాయి, వాటిని వెతకాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫోర్డ్‌లో భూమిలో 177 ట్యాంకులు, సుమారు 21 కోట్ల లీటర్ల వ్యర్థం. వీటిలో 149 ఒంటి గోడవి. మొత్తం ఖాళీ చేసేదాకా ఆగకుండా, ఒంటి గోడ ట్యాంకుల్లో పంపుతో తోడగలిగిన ద్రవాన్ని ముందు రెండు గోడల ట్యాంకుల్లోకి మార్చారు. మిగిలిన ఉప్పు గడ్డ, బురద అక్కడే ఉన్నా కారడానికి నీరు తగ్గింది. సెల్లాఫీల్డ్ తొలి కొలనులోనూ ఇంతే: లోహ ఇంధనాన్ని ముందు ఏరి తీసేసరికి 2016 నాటికి కొలనులోని రేడియోధార్మికత సుమారు 70 శాతం తగ్గింది, బురద పని ఆ తర్వాత సాగింది.

ప్రశ్న: రేడియోధార్మికత తనంతట తనే తగ్గుతుంది కదా. తాళం వేసి వందేళ్లు వదిలేస్తే డబ్బు ఆదా కాదా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, ఉప్పల్

జవాబు: ఏ మూలకం అన్నదాన్ని బట్టి ఉంటుంది. రియాక్టరు స్టీలులో పనివాళ్లకు ఇబ్బంది పెట్టేది ప్రధానంగా కోబాల్ట్-60. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 5.27 ఏళ్లు. 50 ఏళ్లు ఆగితే అది సుమారు 700వ వంతుకు పడిపోతుంది. అప్పుడు మామూలు కోత యంత్రాలతో పని చేసుకోవచ్చు. ఇక్కడ ఆగడం తెలివైన పనే.

సీజియం-137కు 30 ఏళ్లు. వందేళ్లు ఆగినా పదో వంతు మిగులుతుంది. ప్లుటోనియం-239కు 24,100 ఏళ్లు, ఆగి లాభం లేదు. ప్లుటోనియం-241 ఇంకా చిక్కు: 14 ఏళ్ల అర్ధాయువుతో అది అమెరీషియం-241గా మారుతుంది. ఈ కొత్తది గామా కిరణాలు వదులుతుంది. పాత ప్లుటోనియం గదిని ఆలస్యం చేసేకొద్దీ కొంతకాలం లోపల పని కష్టమవుతుంది.

లెక్కల్లో రానిది ఒకటుంది. 1965లో ఏ పైపు ఎక్కడ మూశారో తెలిసిన ఆపరేటరు వందేళ్లు ఆగడు. డ్రాయింగులో లేని పైపు గోడలో దొరికిన రోజున ఆ ఆదా అంతా పోతుంది. బ్రిటన్ తన మాగ్నాక్స్ రియాక్టర్లను దశాబ్దాల పాటు మూసి ఉంచాలన్న పాత పద్ధతిని మార్చుకుని, ఒకదాని తర్వాత ఒకటి విప్పుకుంటూ పోవాలని నిర్ణయించడానికి ఇలాంటివీ కారణాలే.

ప్రశ్న: రాకెట్లో పెట్టి సూర్యుడి మీదకు పంపేస్తే? లేదా సముద్రం నడిబొడ్డున?
— ఒక పాఠకుడు, సైదాబాద్

జవాబు: రాకెట్లు పేలుతుంటాయి. సముద్రంలో వేయడాన్ని అంతర్జాతీయ ఒప్పందం 1993లో పూర్తిగా నిషేధించింది.

ప్రశ్న: మన దేశంలో రియాక్టర్లు విప్పే ఖర్చు ఎవరిది? మా ఇంటి దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌కు (ఎన్ఎఫ్‌సీ) కూడా సెల్లాఫీల్డ్ గతి పడుతుందా?
— ఒక గృహిణి, కుషాయిగూడ

జవాబు: అణు విద్యుత్తు ధరలోనే యూనిట్‌కు 2 పైసలు డీకమిషనింగ్ కింద వసూలు చేస్తారు. లెక్క వేసి చూడండి: 700 మెగావాట్ల రియాక్టరు 85 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 521 కోట్ల యూనిట్లు, అంటే 10 కోట్ల 40 లక్షల రూపాయలు. 40 ఏళ్లకు వడ్డీ కలపకుండా 417 కోట్లు. సరిపోతుందా అన్నది ఆ సొమ్ము ఎంత వడ్డీకి పెరుగుతుంది, ఎంతకాలం ఆగి విప్పుతారు అన్నవాటి మీద ఆధారపడుతుంది. కరెంటు అమ్మని పరిశోధన రియాక్టర్లకు ఈ 2 పైసలు కూడా ఉండవు. 2010 చివర్లో మూసిన ట్రాంబేలోని సైరస్ లాంటివాటికి అణుశక్తి శాఖ బడ్జెట్టే దిక్కు, అంటే మనందరి పన్నులు.

న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో జరిగేది ఇంధనం తయారీ. రియాక్టరులో మండిన ఇంధనం అక్కడికి రాదు. దాన్ని కరిగించి వేరుచేసే పని ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో జరుగుతుంది. సెల్లాఫీల్డ్ బురదను భయంకరం చేసే సీజియం, స్ట్రాన్షియం ఇలాంటి తయారీ కేంద్రాల్లో ఉండవు. ఇంధన తయారీ ఎక్కడ జరిగినా కన్నేసి ఉంచాల్సింది రసాయనాల మీద: నైట్రిక్ ఆమ్లం, అమోనియా, నైట్రేట్లున్న నీళ్లు. కాబట్టి ఇలాంటి పరిశ్రమల చుట్టూ ఉన్న బోర్లలో రేడియేషన్ మీటరు కంటే నైట్రేట్ పరీక్ష ఎక్కువ చెబుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే, కారణం ఏదైనా, ఆ నీళ్లు పసిపిల్లలకు పట్టకండి. కాచినా నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. నగరంలో డ్రైనేజీ వల్ల కూడా నైట్రేట్ పెరుగుతుంది కాబట్టి ఒక్క రీడింగుతో ఎవరినీ నిందించలేం.

ప్రశ్న: మాది కడప జిల్లా, ఉద్యోగం హైటెక్ సిటీలో. తుమ్మలపల్లి యురేనియం గని వ్యర్థాల చెరువు గురించి ఊళ్లో ఆందోళన ఉంది. ఇలాంటివి ప్రాధాన్య జాబితాలో ఎక్కడుంటాయి?
— ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: సాధారణంగా కింద, అదే ప్రమాదం. తీవ్రత తక్కువ, పరిమాణం కొండంత. ఖనిజంలోంచి యురేనియం తీసేశాక కూడా ఖనిజానికున్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం మిగిలిన బురదలోనే ఉంటుంది: 1,600 ఏళ్ల అర్ధాయువున్న రేడియం, 75,000 ఏళ్ల థోరియం-230. వీటిని పెట్టెల్లో పెట్టలేం. అడుగున పొర, పైన మట్టి కప్పు, చుట్టూ గట్టు, అంతే రక్షణ.

ఇలాంటిది జాబితాలో పైకి వచ్చేది చోటును బట్టి. యూటాలోని మోయాబ్‌లో కొలరాడో నది ఒడ్డునే 1.6 కోట్ల టన్నుల కుప్ప ఉండటంతో, కప్పి వదిలేయకుండా రైలు మీద సుమారు 48 కిలోమీటర్ల దూరానికి తరలించే పని 2009లో మొదలుపెట్టారు. నది లేకపోతే బహుశా అక్కడే కప్పేవారు.

మీ ఊరివాళ్లు అడగాల్సినవి: చెరువుకు ఎగువన ఒకటి, దిగువన కనీసం మూడు పరిశీలన బావులు ఉన్నాయా, వాటి నీటిమట్టం, పరీక్ష ఫలితాలు వానలకు ముందు, తర్వాత విడివిడిగా ఉన్నాయా. తుమ్మలపల్లిలో క్షార పద్ధతిలో యురేనియం తీస్తారు కాబట్టి సోడియం, మొత్తం కరిగిన లవణాలు పెరగడం ఊటకు తొలి సూచన కావచ్చు. యురేనియం అంకె ఒక్కటే చూస్తే ఆలస్యం కావచ్చు. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పింది 60. ఏ హద్దుతో పోల్చారో నివేదికలో చూడండి. ఇంకొకటి, మన గ్రానైట్ ప్రాంతాల్లో, నల్గొండ లాంటి చోట్ల గని లేకుండానే బోరు నీటిలో యురేనియం ఉంటుంది. గనికి ముందు తీసిన కొలతలు లేకపోతే తర్వాత ఎవరూ ఏదీ రుజువు చేయలేరు. కొత్త గని ప్రతిపాదన వచ్చిన ఏ ఊరైనా మొదట భద్రపరచుకోవాల్సింది ఆ కాగితమే.

ప్రశ్న: ఎంత కడిగితే శుభ్రమైనట్టు? సున్నా చేయలేరా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట

జవాబు: సున్నా అనేది ఎక్కడా లేదు. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) అందుతాయి. మన నగరం కూర్చున్నదే గ్రానైట్ బండ మీద. ఒండ్రు నేలలున్న కృష్ణా డెల్టా నుంచి మీటరు తెచ్చి ఇక్కడ ఆన్ చేస్తే అంకె పెరుగుతుంది. ప్రక్షాళనలో సాధారణంగా దీనికి పైన ఏడాదికి 1 మిల్లీసీవర్టు అదనం అన్నది ప్రజల కోసం పెట్టుకునే గీత.

గీత ఎక్కడ గీస్తే అక్కడికి ఖర్చు. ఫుకుషిమాలో సీజియం బంకమట్టికి గట్టిగా అతుక్కోవడం వల్ల ఎక్కువ భాగం పైపైనే ఉండిపోయింది, కాబట్టి పైన సుమారు 5 సెంటీమీటర్ల మట్టి గీకారు. ఎకరానికి అది 200 ఘనపు మీటర్లు, ఘనపు మీటరు పట్టే సంచులు 200. జేసీబీ డ్రైవరు చేయి పొరపాటున 10 సెంటీమీటర్లు గీకితే సంచులు 400 అవుతాయి, ప్రయోజనం మాత్రం పెద్దగా పెరగదు. అలా పోగైన మట్టి మొత్తం 1.4 కోట్ల ఘనపు మీటర్ల దాకా ఉంది. దాన్ని 2045 లోపు ఆ ప్రాంతం బయటికి తరలిస్తామని అక్కడి ప్రభుత్వం చట్టంలో రాసుకుంది. తీసుకునే ఊరు మాత్రం దొరకాలి.

ప్రశ్న: తుక్కు వ్యాపారం మాది. కాలేజీల ల్యాబ్ సామాను వేలంలో కొంటుంటాం. బరువైన సీసం దిమ్మలు వస్తే ఏం చూసుకోవాలి?
— ఒక వ్యాపారి, కాటేదాన్

జవాబు: ప్రజల డబ్బుతో చేసే అణు ప్రక్షాళనలో రూపాయికి ఎక్కువ ఫలితమిచ్చే చోటు మీ గోదాము గేటే. 2010లో ఢిల్లీ మాయాపురిలో, 1985 నుంచి వాడకుండా మూలపడేసిన ఒక ల్యాబ్ పరికరం వేలంలో తుక్కుకింద పోయింది. దాన్ని విప్పితే కోబాల్ట్-60 బయటపడింది. ఒకరు చనిపోయారు, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో ఇలాగే సీజియం పొడి బయటపడితే నలుగురు చనిపోయారు, లక్షా 12 వేల మందికి పైగా జనాన్ని పరీక్షించాల్సి వచ్చింది. రెండు చోట్లా మూల పదార్థం అరచేతిలో పట్టేంతే.

చిన్న సైజుకు మించిన బరువుంటే అనుమానించండి. సీసంతో పాటు, గామా కిరణాలతో ఎక్స్‌రే లాంటి ఫొటో తీసే పనిముట్లలో క్షీణించిన యురేనియం కవచం కూడా ఉంటుంది, అది సీసం కంటే బరువు. మూడు రెక్కల రేడియేషన్ గుర్తు, సీరియల్ నంబరు పలక, తాళం వేసిన షట్టర్, ఇవి కనబడితే ఆగిపోండి. గుర్తు చెరిగిపోయి ఉండొచ్చు కాబట్టి గుర్తు లేదని గ్యాస్ కట్టర్ పెట్టొద్దు.

ఇప్పటికే విప్పేసి ఉంటే ముందు దూరం జరగండి. 30 సెంటీమీటర్ల దగ్గర తగిలేదానిలో 3 మీటర్ల దగ్గర వందో వంతే తగులుతుంది. ఊడ్చొద్దు, నీళ్లు కొట్టొద్దు, ఆటోలో వేసి ఇంకోచోట పడేయొద్దు. 112కి ఫోన్ చేసి 'రేడియేషన్ మూలం అనుమానం' అన్న మాట స్పష్టంగా చెప్పండి, లేకపోతే మామూలు ఫైర్ కాల్‌గా వెళ్తుంది. ముట్టుకున్నవాళ్లను ఒక పక్కన కూర్చోబెట్టి, చెప్పులు, పైబట్టలు అక్కడే సంచిలో వేయించి, సబ్బుతో చేతులు ముఖం మెల్లగా కడిగించండి. గట్టిగా రుద్దితే చర్మం గీరుకుపోయి లోపలికి వెళ్తుంది. ముట్టుకుని అప్పటికే ఇంటికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు రాసిపెట్టండి, వాళ్లను కూడా వెతకాలి. కొన్ని గంటల్లో వాంతులయితే డోసు ఎక్కువన్నట్టు. కాలిన గాయం లాంటి ఎరుపు, నలుపు రోజుల తర్వాత బయటపడతాయి. నిప్పు తగలకుండానే కాలిందంటే డాక్టరుగారికి తుక్కు సంగతి తప్పకుండా చెప్పాలి, అడిగేదాకా ఆగొద్దు.

వేలం పాడేముందు కాలేజీని ఒక కాగితం అడగండి: ఈ సామానులో రేడియోధార్మిక మూలాలు లేవని, ఉన్నవాటిని నియంత్రణ మండలి అనుమతితో సరఫరాదారుకు తిప్పి పంపామని. ఇవ్వడానికి తటపటాయిస్తే ఆ లాటును వదిలేయండి. గేటు దగ్గర చేతి మీటరు ఒకటి ఉంచి, తెల్లవారి ఖాళీ యార్డులో వచ్చే అంకెను గోడ మీద రాసిపెట్టండి. ఏ బండి దగ్గరైనా దానికి రెండింతలు చూపిస్తే దించకుండా ఆపండి.